కళ్ళతో టైపు చేసే ఐ ట్రాకర్ రివ్యూ: పచ్చ టిక్కు నమ్మకుండా స్కేలు పెట్టి కొలిస్తే

ముందే చెప్పేస్తున్నా, ఈ మెషీన్ దండగ కాదు. మా ఇంట్లో పొద్దున్నుంచి రాత్రి దాకా వాడుతూనే ఉన్నాం. కాకపోతే అమ్మేవాళ్ళు చూపించే డెమో వేరు, మంచం దగ్గర అది చేసే పని వేరు. ఆ రెండింటికీ తేడా ఎంతో డబ్బులు కట్టకముందే ఒక స్కేలు, ఒక టేపు పెట్టుకుని ఇంట్లోనే కొలుచుకోవచ్చు. కాలిబ్రేషన్, అంటే మనిషి చూపుకి మెషీన్ లెక్కని సరిచేసుకోవడం, అయిపోగానే స్క్రీన్ మీద పచ్చ టిక్కు ఒకటి వస్తుంది చూడండి, దాన్ని చూసి బిల్లు కట్టేయొద్దు, ఇంత పొడుగు రాస్తున్నది ముఖ్యంగా అందుకే. కంపెనీ పేరూ డీలరు పేరూ రాయడం లేదు, సర్వీసు గురించి వాళ్ళతో మాటలు ఇంకా నడుస్తున్నాయి. ఎలాగూ స్క్రీన్ కింద తగిలించే ఏ ఐ ట్రాకర్‌కైనా ఈ సంగతులు పనికొస్తాయి.

వాడేది మా మామయ్య. నెల్లూరు జిల్లాలోనే తెలుగు మేష్టారుగా మొదలుపెట్టి హెడ్మాస్టరుగా రిటైరయ్యారు. మోటార్ న్యూరాన్ జబ్బు, అంటే కండరాలని నడిపే నరాలు దెబ్బతినే జబ్బు. ముందు చేతులు పోయాయి, తర్వాత మాట. ఈ జబ్బులో కంటి కండరాలు చాలామందికి మిగతా ఒళ్ళు లొంగిపోయిన తర్వాత కూడా బాగానే పనిచేస్తాయి, అందుకే పొగతోటలో మేం చూపించే డాక్టరుగారు ఐ ట్రాకర్ గురించి చెప్పారు. అంతకుముందు మా అత్తయ్య అట్ట మీద అక్షరాలు రాసుకుని, ఒక్కొక్కదాని మీద వేలు జరుపుతూ పోతుంటే ఆయన కావలసిన అక్షరం దగ్గర కన్ను ఆర్పేవారు. ఒక వాక్యం పూర్తయ్యేసరికి ఇద్దరికీ నీరసం వచ్చేది.

వస్తువు చూడ్డానికి ఏమీ ఉండదు. అడుగు స్కేలంత పొడుగున్న నల్ల పట్టీ, యూఎస్‌బీ వైరు, స్క్రీన్ కింది అంచుకి అంటించే ఒక అయస్కాంతం బిళ్ళ, అంతే. ఇంతకి లక్షకి అటూ ఇటూ అంటే మొదట మా ఆయన మొహం మాడిపోయింది. లోపల జరిగే పని మాత్రం చిన్నదేం కాదు. పట్టీలో ఉన్న లైట్లు మన కంటికి సరిగ్గా కనబడని ఇన్‌ఫ్రారెడ్ వెలుతురు వేస్తాయి. చాలా ఫోన్లలో సెల్ఫీ కెమెరా పెట్టి చూస్తే ఊదారంగులో వెలుగుతూ కనబడతాయి, లైట్లు పనిచేస్తున్నాయో లేదో చూడ్డానికి అది సుళువు. ఆ వెలుతురు నల్లగుడ్డు మీద ముత్యమంత మెరుపుగా పడుతుంది. కెమెరా ఆ మెరుపు ఎక్కడుందో, కంటిపాప మధ్య ఎక్కడుందో రెండూ చూసి, వాటి మధ్య దూరాన్నీ దిశనీ బట్టి మనిషి స్క్రీన్ మీద ఎక్కడ చూస్తున్నాడో లెక్క కడుతుంది.

మరి కాలిబ్రేషన్ ఎందుకంటే, కంటిపాప ఎటు తిరిగి ఉందో మన చూపు సరిగ్గా అటే ఉండదు. కంటి వెనక బాగా స్పష్టంగా చూసే చోటు నట్టనడుమ ఉండక కొంచెం పక్కకి ఉంటుంది కాబట్టి, బయటికి కనబడే కంటి దిశకీ అసలు చూపుకీ మామూలుగా 5 డిగ్రీల దాకా తేడా ఉంటుంది, అది మనిషికీ మనిషికీ మారుతుంది. స్క్రీన్ మీద చుక్కలు ఒకదాని తర్వాత ఒకటి చూపించి, వాటిని చూడమని, ఆ మనిషి తేడా ఎంతో మెషీన్ నేర్చుకోవడమే కాలిబ్రేషన్. ఒకరి కళ్ళతో చేసిన కాలిబ్రేషన్ ఇంకొకరికి పనికిరాదు.

ఇక డెమో సంగతి. చెన్నై నుంచి వచ్చిన కుర్రాడు మంచివాడే, మర్యాదగా మాట్లాడాడు. హాల్లో టేబుల్ మీద తన లాప్‌టాప్ పెట్టి, తన కళ్ళతో, ఎప్పుడో సేవ్ చేసుకున్న తన కాలిబ్రేషన్ ప్రొఫైల్‌తో చకచకా ఇంగ్లీషులో నాలుగు లైన్లు టైపు చేశాడు. అత్తయ్య అయితే ఆశ్చర్యపోయింది. తర్వాత మామయ్యని వీల్‌చైర్లో తెచ్చి కూర్చోబెట్టి చుక్కలు చూపించాడు, పచ్చ టిక్కు వచ్చింది, ‘సక్సెస్ సార్’ అన్నాడు. టైపు చేయించబోతే మాత్రం అక్షరాలు ఒకటి అనుకుంటే ఒకటి పడుతున్నాయి. ‘కొత్త కదా మేడమ్, సార్‌కి అలవాటవ్వాలి’ అన్నాడు. ఆ మాట నాకు నచ్చలేదు. నలభై ఏళ్ళు పిల్లల దిద్దుడు పుస్తకాలు చూసిన మనిషికి చూడటం అలవాటు చేయాలా?

మా మరిది బెంగళూరులో ఇంజనీరు, వాళ్ళ ఆఫీసులో ఇలాంటి పరికరాలతో పని. వాడికి ఫోన్ చేస్తే అసలు కిటుకు చెప్పాడు. పచ్చ టిక్కు అంటే చుక్కలు చూపించినంతసేపూ కెమెరాకి కళ్ళు దొరికాయని, ఆ చుక్కలకి లెక్క కుదిరిందని మాత్రమే. వేరే చోట చూసినప్పుడు గురి ఎంత తప్పుతుందో అది చెప్పదు. పరిశోధన ల్యాబుల్లో వాడే పెద్ద పరికరాలకి కూడా, అంటే సెకనుకి 2000 సార్ల దాకా కంటిని కొలిచే కెనడా వాళ్ళ ఐలింక్ 1000 ప్లస్ లాంటి వాటికి కూడా, కాలిబ్రేషన్ అవగానే వాలిడేషన్ అని ఇంకో దశ ఉంటుంది. మళ్ళీ చుక్కలు చూపించి, మనిషి నిజంగా చూసే చోటుకీ మెషీన్ చెప్పే చోటుకీ తేడా ఎన్ని డిగ్రీలో చూసుకుంటారు. బాగోకపోతే మళ్ళీ మొదటికి. అంత ఖరీదు పరికరాన్నే వాళ్ళు నమ్మరు, మనం ఈ పట్టీని ఎందుకు నమ్మాలి?

మేం చేసిన పరీక్ష ఇది. వాడు ఒక చిన్న పేజీ తయారుచేసి పంపాడు. తెల్ల స్క్రీన్ మీద ఒక ప్లస్ గుర్తు వస్తుంది, కాసేపు ఉంటుంది, పోతుంది, ఇంకో చోట వస్తుంది. కాలిబ్రేషన్‌లో చుక్కలు వచ్చిన చోట్ల కాకుండా వాటి మధ్య చోట్లలో, మూలల్లో వచ్చేట్టు పెట్టాడు. కన్ను కొత్త చోటుకి కదలడం మొదలుపెట్టడానికే సెకనులో ఐదో వంతు పడుతుంది కాబట్టి మొదటి అర సెకను లెక్కలోంచి తీసేశాడు. ఇంకో జాగ్రత్త ఏమిటంటే, చూపు ఎక్కడుందో మెషీన్ స్క్రీన్ మీద చూపించే ఆ తేలే బుడగని దాచేయాలి. బుడగ కనబడుతుంటే మనిషి తెలియకుండానే దాన్ని సరిచేయబోతాడు, అది పక్కకి జరిగితే కన్ను దాని వెంట పోతుంది, లేదా బుడగ ప్లస్ మీదకి రావాలని కావాలనే కొంచెం పక్కకి చూస్తాడు, ఆ కొలత ఎందుకూ పనికిరాదు. అన్నీ అయ్యాక ఒకేసారి, మెషీన్ చెప్పిన చోట్లని ప్లస్ గుర్తుల చుట్టూ చుక్కలుగా గీసి చూపిస్తుంది ఆ పేజీ. స్క్రీన్ మీద స్కేలు పెట్టి కొలవడమే.

సెంటీమీటర్లని డిగ్రీలు చేయడం సుళువే: తప్పిన దూరాన్ని కంటికీ స్క్రీన్‌కీ మధ్య దూరంతో భాగించి 57తో గుణించాలి. మామయ్య కంటికీ స్క్రీన్‌కీ మధ్య టేపు పెడితే 60 సెంటీమీటర్లు, అంటే డిగ్రీకి ఒక సెంటీమీటరు పైన కాస్త. చెయ్యి చాపి బొటనవేలు చూసుకోండి, దాని వెడల్పు సుమారుగా 2 డిగ్రీలు. ఈ పట్టీ డబ్బా మీద ఉన్న అంకె డిగ్రీ లోపే, కానీ అలాంటి అంకెలు అన్నీ అనుకూలంగా ఉన్నప్పుడు తీసినవి. మంచం మీద ఆనుకుని పడుకున్న పెద్దాయనకి అదే రావాలనుకోకూడదు. ఇంకోమాట, మనం స్పష్టంగా చూడగలిగే చోటే ఒకటి రెండు డిగ్రీలు ఉంటుంది, కన్ను ఎప్పుడూ రాయిలా నిలబడదు కూడా. కాబట్టి మౌస్ అంత గురి ఏ కంపెనీ మెషీన్ నుంచీ ఆశించకండి.

ఫలితం: 24 అంగుళాల స్క్రీన్ నడుమ 0.7 సెంటీమీటరు తేడా, చాలా బాగుంది. పై వరుస ఒక సెంటీమీటరు చిల్లర, పర్వాలేదు. కింద ఎడమ మూల రెండున్నర సెంటీమీటర్లు. అక్కడ దొరికింది దొంగ.

ఆ తప్పడం కూడా రెండు రకాలుగా ఉంటుంది, ఇది తెలుసుకుంటే సగం గొడవ తీరుతుంది. చుక్కలన్నీ ఒకే గుంపుగా ఉండి, ఆ గుంపు మొత్తం ప్లస్‌కి ఒక పక్కకి పడితే అది కాలిబ్రేషన్ తేడా, మళ్ళీ చేస్తే తగ్గుతుంది. చుక్కలు ప్లస్ చుట్టూ చెల్లాచెదురుగా పడితే అది వణుకు, దానికి ఎన్నిసార్లు కాలిబ్రేషన్ చేసినా లాభం లేదు, వెలుతురో కళ్ళజోడో చూసుకోవాలి, లేకపోతే సెట్టింగ్స్‌లో ఆ వణుకుని సర్దే స్మూతింగ్ పెంచాలి, అది పెంచితే బుడగ నత్తనడక నడుస్తుంది. మామయ్యకి కింద మూలలో వచ్చింది మొదటి రకం. కారణం కనురెప్పలు. కిందకి చూసేటప్పుడు పైరెప్ప దిగి కంటిపాపని సగం కప్పేస్తుంది, కెమెరాకి మిగిలిన సగమే కనబడితే దాని మధ్య ఎక్కడో తప్పు లెక్క వేస్తుంది. సాయంత్రానికి ఆయన రెప్పలు ఇంకా వాలతాయి, అప్పుడు ఇంకా తప్పు. స్క్రీన్‌ని కొంచెం పైకెత్తి, ముందుకి వంచి, ఆ కింది చుక్కలకి మాత్రమే మళ్ళీ కాలిబ్రేషన్ చేస్తే ఒకటిన్నర సెంటీమీటరు లోపలికి వచ్చింది. మొత్తం మళ్ళీ చేయకుండా బాగోని చుక్కలు మాత్రమే ఎంచుకునే వీలు ఈ సాఫ్ట్‌వేర్లో ఉంది, అది నిజంగా మంచి పని. అలిసిపోయిన మనిషితో తొమ్మిది చుక్కలూ మళ్ళీ చూడమనడం అన్యాయం. డీలరు కుర్రాడు ఆ బటన్ సంగతే చెప్పలేదు.

ఈ కొలత ఎందుకంత ముఖ్యమంటే మనది తెలుగు. ఇంగ్లీషుకి 26 అక్షరాలతో సరిపోతుంది. మనకి అచ్చులు, హల్లులు, గుణింతాలు, ఒత్తులు కలిపి స్క్రీన్ మీద కనబడే ఒకే అక్షరాల పలక మీద పెడితే అడ్డంగా పది గడులు, నిలువుగా ఆరు వరుసలు కావాలి. పైన రాసింది కనబడడానికి చోటు వదిలితే ఒక్కో గడి ఎత్తు 4 సెంటీమీటర్లు. గడి మధ్యనుంచి అంచుకి రెండే. కింది వరుసలో రెండున్నర తప్పే చూపు పక్క వరుసలోకి దూకక ఏం చేస్తుంది? ఆయన కాఫీ అడగబోతే కాపీ అని పడింది. మా నెల్లూరులో అది తప్పని ఎవరూ అనరు, ఆ మాటే నేనంటే ఆయన నా వంక ఒక చూపు చూసి, మొత్తం చెరిపి, మళ్ళీ ఫ కోసం వెతికారు. తెలుగు మేష్టారికి ఒత్తు తప్పితే ఒంటికి పడదు.

అందుకని మరిది పలక మార్చాడు. మొదటి తెరలో పన్నెండే గడులు: అచ్చులు, క వర్గం, చ వర్గం, ట వర్గం, త వర్గం, ప వర్గం, ఇలా. ఒకదాన్ని చూస్తే అందులోని అక్షరాలు ఇంకో తెరలో పెద్దగా వస్తాయి. అక్షరానికి రెండు చూపులు పడతాయి, నిజమే, కానీ గడి ఎత్తు 8 సెంటీమీటర్లు, సాయంత్రం రెప్పలు వాలినా తప్పు పడదు. చెరుపుకోవడాలు పోయాక మొత్తం మీద వేగం పెరిగింది. ముందు తేడా కొలుచుకుని, దానికి తగ్గట్టు గడి సైజు పెట్టుకోవాలి, ఇది అమ్మేవాళ్ళు చేయాల్సిన పని. వాళ్ళిచ్చిన సాఫ్ట్‌వేర్లో తెలుగు పలక లేకపోవడం నా దృష్టిలో పెద్ద లోటు. విండోస్ 10లోనే 2017 నుంచి కంటితో నడిపే ఐ కంట్రోల్ ఉంది, టెక్నాలజీ కొత్తదేం కాదు, మన భాషలో చేసే ఓపికే లేదు ఎవరికీ.

వెలుతురు గురించి. ఎండలో ఇన్‌ఫ్రారెడ్ దండిగా ఉంటుంది. మా పడమటి కిటికీలోంచి మధ్యాహ్నం ఎండ మంచం మీద పడే వేళకి మెషీన్‌కి కళ్ళే దొరికేవి కావు. మే నెలలో నెల్లూరు ఎండ సంగతి చెప్పక్కర్లేదు కదా. మందం కర్టెన్ వేసి ఎల్‌ఈడీ ట్యూబు వేస్తే కుదురుకుంది, ఎల్‌ఈడీలో ఇన్‌ఫ్రారెడ్ బాగా తక్కువ. పాతకాలం పసుపు బల్బు ఉంటే తీసేయండి. ఇంకొకటి, వెలుతురు మారితే కంటిపాప సైజు మారుతుంది, దాంతో మెషీన్ లెక్క కూడా కొంచెం జరుగుతుంది. పగలు చేసిన కాలిబ్రేషన్‌తో రాత్రి చీకటి గదిలో వాడితే తేడా కనబడింది, అందుకని పగటికి ఒకటి, రాత్రికి ఒకటి రెండు ప్రొఫైళ్ళు పెట్టాం.

కళ్ళజోడు సంగతి ఇంకో తలనొప్పి. మామయ్యకి బైఫోకల్. ఆ గీత సరిగ్గా కంటిపాప ముందుకి వస్తే ఒక్కోసారి రెండు మెరుపులు కనబడి మెషీన్ తికమకపడేది. కళ్ళ డాక్టరుకి విషయం చెప్పి, స్క్రీన్ దూరానికి మాత్రమే పనికొచ్చే ఒకే పవర్ కళ్ళజోడు, మెరుపు తగ్గించే కోటింగ్‌తో వేరేగా చేయించాం. కళ్ళజోడుతో వాడేవాళ్ళు కళ్ళజోడుతోనే కాలిబ్రేషన్ చేయాలి, అద్దాలు తుడిచి మరీ. శుక్లాల ఆపరేషన్ అయినవాళ్ళలో కొందరికి లోపల పెట్టిన లెన్సు కూడా మెరుస్తుంది. మెల్లకన్ను ఉంటే ఒక కన్నే ఎంచుకునే సెట్టింగ్ ఉండాలి, ఇందులో ఉంది. ఆడవాళ్ళకి ఒక మాట: నల్లగా ఉన్న గుండ్రాన్ని వెతికే కెమెరాకి కాటుక కూడా నల్లగానే కనబడుతుంది. నేను కాటుకతో కూర్చుంటే బుడగ గెంతులు వేసింది, కడుక్కుని వచ్చాక కుదురుగా నిలబడింది. అత్తయ్య ఆ రోజంతా నవ్వుతూనే ఉంది.

నచ్చని వాటిలో మొదటిది ఆ అంటించే బిళ్ళ. ఎండలకి జిగురు మెత్తబడి పట్టీ ఒక పక్క రెండు మూడు మిల్లీమీటర్లు జారింది. చూడ్డానికి ఏం తెలియదు, కానీ స్క్రీన్‌కి పట్టీ ఎక్కడుందన్నదే లెక్కకి ఆధారం కాబట్టి గురి మొత్తం ఒక పక్కకి పోయింది. సర్వీసుకి ఫోన్ చేస్తే ‘రీకాలిబ్రేట్ చేయండి’ అన్నారు, తర్వాత ‘చెన్నైకి పంపండి’ అన్నారు. పంపితే ఆ రోజులన్నీ మనిషి మాట లేకుండా ఉండాలి, ఆ ముక్క వాళ్ళకి ఎంత చెప్పినా ఎక్కలేదు. బదులు పట్టీ ఇస్తారా అంటే జవాబు లేదు. పట్టీ నిలవాల్సిన చోట స్క్రీన్ అంచు మీద పెన్సిల్ గీతలు గీసుకున్నాం, జారితే వెంటనే తెలుస్తుంది. స్క్రీన్ మార్చినా, పట్టీ జరిపినా డిస్‌ప్లే సెటప్ అనేదాన్ని ముందు మళ్ళీ చేసి ఆ తర్వాతే కాలిబ్రేషన్ చేయాలి, మాన్యువల్‌లో అది ఎక్కడో చివర్లో ఉంది.

రెండోది తల కదలిక. తల అటూ ఇటూ జరిగినా పర్వాలేదని గొప్పగా చెప్తారు. పక్కలకి జరిగితే నిజంగానే తట్టుకుంటుంది. కానీ మంచం మీద ఆనుకున్న మనిషి గంట గడిచేసరికి దిండు మీదనుంచి కిందకి జారతాడు, కెమెరా చూసే పరిధిలోంచే బయటికి పోతాడు. అప్పుడు కాలిబ్రేషన్ జోలికి పోకండి, ముందు మనిషిని పైకి సర్ది కూర్చోబెట్టండి. పొద్దున్నే ఒకసారి, సాయంత్రం ఒకసారి నడుమ ఒక ప్లస్, కింది మూలల్లో రెండు ప్లస్‌లు చూపించి గుంపు ఎక్కడ పడుతుందో చూస్తాం. నిమిషం పని. అది బాగుంటే ఇక ఆ పూట కాలిబ్రేషన్ ముట్టుకోం.

రేటింగ్ అడిగితే మెషీన్‌కి 5కి 4, సాఫ్ట్‌వేర్‌కి 3, తెలుగు లేనందుకే ఆ కోత, సర్వీసుకి 1, అది కూడా ఫోన్ ఎత్తుతారు కాబట్టి. కొనేవాళ్ళు డీలరుని ఇంటికి రమ్మనండి. హాల్లో టేబుల్ మీద ఒప్పుకోవద్దు, వాడే మనిషి పడుకునే మంచం దగ్గర, వాడే మనిషి కళ్ళతో, మధ్యాహ్నం ఒకసారి, దీపాలు పెట్టాక ఒకసారి చూపించమనండి. మూలల్లో ఎంత తప్పుతుందో కొలిచి ఆ అంకె బిల్లు మీద రాసిమ్మనండి, రాయనంటే బేరం అక్కడితో ఆపండి. వాళ్ళు అంటగట్టే స్టాండు మాత్రం కొనకండి, చాలా రేటు. మేం ఆటోనగర్‌లో వెల్డింగ్ షాపులో మంచం కోళ్ళకి బిగించేలా ఇనుప పైపుతో చేయించాం, పావు వంతు ధర కూడా కాలేదు, ఆయమ్మో పనిమనిషో తుడుస్తూ మంచాన్ని తగిలినా కదలదు. కొలతలు కావాలంటే అడగండి, పెడతాను.